ముందు బండిలో వరద, వెనక బండిలో కరువు

అమెరికాలో సెలవులకు బయల్దేరే కుటుంబాలు చాలా పికప్ ట్రక్కు వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుంటాయి. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అది. ట్రక్కు ఇంజను తిప్పే ఆల్టర్నేటర్ ఈ రోజుల్లో 150 యాంపియర్లు, అంతకు మించి కూడా ఇవ్వగలదు. ట్రైలర్ ముక్కు దగ్గర పెట్టెలో కూర్చునేది సాధారణంగా 100 యాంపియర్ గంటల బ్యాటరీ. కాగితం మీద లెక్క చూస్తే గంట ప్రయాణంలో నిండిపోవాలి. నిజానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపినా, సగం ఖాళీగా బయల్దేరిన బ్యాటరీ పూర్తిగా నిండదు. తప్పు ఆల్టర్నేటర్‌ది కాదు, మధ్యలో ఉన్న తీగది.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా, ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు సుమారు 12.7 వోల్టులు చూపిస్తుంది. సగం ఖాళీ అయితే 12.2 ఉంటుంది. దాన్ని మళ్లీ గబగబా నింపాలంటే 14.4 వోల్టుల దాకా పెట్టాలి. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉందనుకుందాం. కరెంటు అక్కడ బయల్దేరి, ట్రక్కు అడుగునంతా సాగి, బంపర్ దగ్గర ప్లగ్గు దాటి, ట్రైలర్ బ్యాటరీని చేరి, మళ్లీ వెనక్కి రావాలి. రానూ పోనూ 18 మీటర్లు వేసుకోండి. 12 గేజి రాగి వైరుకు మీటరుకు 5.2 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. 10 యాంపియర్లు పారితే 0.9 వోల్టుకు పైగా దారిలోనే వేడైపోతుంది. బ్యాటరీ దాకా చేరేది 13.3 మాత్రమే. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉన్నా, సన్న గొట్టం చివర ఉన్న ఇంటి కుళాయిలో నీళ్లు సన్నగా కారడం మన కాలనీల్లో అందరికీ తెలిసిందే.

అలాగని బ్యాటరీ ఎప్పటికీ నిండదని కాదు. కరెంటు తగ్గితే వైరులో నష్టమూ తగ్గుతుంది. కానీ బ్యాటరీ నిండేకొద్దీ దాని సొంత వోల్టేజీ పైకి లేచి ఎదురు నెడుతుంది. చివరికి నాలుగైదు యాంపియర్ల దగ్గర కథ నత్తనడకన సాగుతుంది.

ఈ కష్టం పాతదే. చార్లెస్ కెట్టరింగ్ తయారు చేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్ కారులో చేరాక, బ్యాటరీ, దాన్ని నింపే డైనమో కారుకు తప్పనిసరి సామాను అయ్యాయి. 1936లో వాలీ బయామ్ కంపెనీ ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అనే అల్యూమినియం ట్రైలర్‌ను 1,200 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. లోపల విద్యుద్దీపాలున్నాయి. ఆ కాలపు కార్లు ఎక్కువగా 6 వోల్టులవి. అదే వెలుగు కావాలంటే 12 వోల్టుల బండి కంటే రెట్టింపు కరెంటు పారాలి. తీగలో పోయే వోల్టులూ రెట్టింపే. ఉన్నదే 6 వోల్టులు కాబట్టి, ఆ నష్టం వాటా నాలుగు రెట్లు. పైగా ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇచ్చేది కాదు. 1950ల మధ్యలో అమెరికా కార్లు 12 వోల్టులకు మారడం ట్రైలర్ల వాళ్లకు అడగకుండా వచ్చిన వరం.

రెండో వరం ఆల్టర్నేటర్. డైనమోలో మొత్తం కరెంటు తిరిగే భాగంలో పుట్టి కార్బన్ బ్రష్షుల మీదుగా బయటికి రావాలి, అందుకే దానికొక హద్దు ఉండేది. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే చుట్టలు కదలకుండా ఉంటాయి, అయస్కాంతం తిరుగుతుంది. బ్రష్షుల మీద పోయేది ఆ అయస్కాంతానికి కావలసిన కొద్ది యాంపియర్లే. పుట్టేది ఏసీ కరెంటు కాబట్టి దాన్ని డీసీగా మార్చే చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చేదాకా మామూలు కార్లు ఆగాల్సి వచ్చింది. 1960 క్రైస్లర్ వాలియంట్‌తో అది మామూలు కారులోకి వచ్చింది. ఇంజను ఐడ్లింగ్‌లో ఉన్నా చార్జింగ్ మొదలైంది.

వెనక్కి వెళ్లే వైరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటి అమెరికన్ ట్రైలర్ ప్లగ్గులో ఏడు కాళ్లుంటాయి: ఎర్త్, బ్రేకు, వెనక దీపాలు, కుడి, ఎడమ సిగ్నళ్లు, రివర్స్, ఇంకా ఈ 12 వోల్టుల లైను. ఆ చివరి కాలికి అసలు బాధ్యత ఇల్లు వెలిగించడం కాదు. ట్రైలర్ కొక్కెం ఊడి విడిపోతే, ఒక పిన్ను లాగబడి ట్రైలర్ బ్యాటరీయే దాని బ్రేకులు పట్టాలి. అక్కడి వాణిజ్య వాహనాల నిబంధన ప్రకారం కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి. బ్యాటరీని బతికించి ఉంచితే చాలన్న ఆ లెక్కకు సన్న వైరు సరిపోయింది. దాని మీద సంసారం మోపింది తర్వాతి వాళ్లు.

ఆ సంసారంలో పెద్ద తిండిపోతు ఫ్రిజ్. 1922లో స్టాక్‌హోమ్‌లో ఇద్దరు విద్యార్థులు, బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్, కంప్రెసర్ లేకుండా వేడితో నడిచే ఫ్రిజ్ కనిపెట్టారు. దాని వారసులు గ్యాసు మీదా, ఇంటి కరెంటు మీదా, 12 వోల్టుల మీదా నడుస్తాయి. మూడోదాని మీద పెడితే 10 నుంచి 15 యాంపియర్లు తాగేస్తాయి. అప్పుడు ట్రక్కు పంపింది ఫ్రిజ్‌కే చాలదు, ప్రయాణంలో బ్యాటరీ నిండకపోగా ఇంకా దిగిపోవచ్చు.

తర్వాత కారు తెలివి మీరింది. ఇంధనం ఆదా కోసం కొత్త ఇంజన్ల కంప్యూటర్, కారు బ్యాటరీ నిండగానే ఆల్టర్నేటర్‌ను దాదాపు 12.5 వోల్టులకు దించేస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఉచితంగా దొరికే శక్తిని పట్టుకోవడానికి 15 దాకా ఎత్తుతుంది. కారుకు ఇది మంచిదే. వెనక ఒక ఇల్లు వేలాడుతోందన్న సంగతి చాలా కార్ల కంప్యూటర్‌కు పట్టదు. ట్రైలర్ లైనును కలిపే, వోల్టేజీ చూసి పనిచేసే పాత రిలే స్విచ్చు, వోల్టులు దిగగానే ఇంజను ఆగిందనుకుని ఆ లైను తెంచేస్తుంది. కారును బాగు చేసిన కొన్ని మార్పులు ట్రైలర్‌కు ఇలాగే ఎదురు తిరిగాయి.

ఈ జబ్బుకు మందు డీసీ-డీసీ చార్జర్. దూరాలూ ఎండలూ ఎక్కువైన ఆస్ట్రేలియాలో దీనికి మంచి గిరాకీ ఏర్పడింది. దక్షిణ ఆస్ట్రేలియాలో 1979లో మొదలైన రెడార్క్ కంపెనీ ఈ రంగంలో పేరు మోసింది. చార్జర్ లోపల ఒక కాయిల్, ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చు ఉంటాయి. స్విచ్చు వేసినప్పుడు కాయిల్ శక్తి దాచుకుంటుంది. తీసినప్పుడు ఆ శక్తి ఎక్కువ వోల్టేజీతో బయటికి దూకుతుంది. సెకనుకు వేల సార్లు ఇలా జరుగుతుంది. లోపలికి 12 వచ్చినా బయటికి 14.4 పోతుంది. చివరి ఇంటివాళ్లు కుళాయికి మోటారు బిగించుకున్నట్టే.

మోటారు బిగిస్తే గొట్టంలో లాగుడు పెరుగుతుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 25 యాంపియర్ల చార్జర్ 14.4 వోల్టుల దగ్గర 360 వాట్లు ఇస్తుంది. దానికోసం 12 వోల్టుల వైపు, నష్టం పదో వంతు వేసుకుంటే, సుమారు 33 యాంపియర్లు లాగాలి. ఏడు కాళ్ల ప్లగ్గు లైనుకు మామూలుగా ఉండే ఫ్యూజు 30. అందుకే ట్రక్కు బ్యాటరీ నుంచి ప్రత్యేకంగా లావుపాటి కేబుల్ వేసి, దానికి రెండు చివర్లా ఫ్యూజు పెట్టి, ఎక్కువ కరెంటు తట్టుకునే ఆండర్సన్ ప్లగ్గు బిగిస్తారు. చార్జర్‌ను ట్రైలర్ బ్యాటరీ పక్కనే పెట్టాలి. ట్రక్కులో పెడితే అది పెంచిన వోల్టులను మళ్లీ దారే తినేస్తుంది.

లిథియం బ్యాటరీలు వచ్చాక ఈ చార్జర్ మరో పని నేర్చుకుంది. 1997లో అక్షయ పాఢీ, నంజుండస్వామి, జాన్ గుడెనఫ్ టెక్సాస్‌లో వివరించిన ఐరన్ ఫాస్ఫేట్ పదార్థంతో చేసిన బ్యాటరీలు ఇప్పుడు ట్రైలర్లలో విరివిగా ఉన్నాయి. వీటి లోపలి నిరోధం బాగా తక్కువ. లావు కేబుల్ మీద నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగుతాయి. ఆల్టర్నేటర్‌ను చల్లార్చే ఫ్యాను దాని ఇరుసు మీదే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇంజను నెమ్మదించినప్పుడు గాలి తగ్గుతుంది, లాగుడు తగ్గదు, చుట్టలు మాడిపోవచ్చు. వోల్టులు పెంచడానికి పెట్టిన చార్జర్ ఇక్కడ కరెంటుకు కళ్లెం వేస్తుంది.

ఇంత తతంగం అందరికీ అక్కర్లేదని నా అభిప్రాయం. ఎండలో నిలిపే ట్రైలర్ పైకప్పు మీద 200 వాట్ల సోలార్ పలక వేసవి రోజుకు 60 యాంపియర్ గంటల దాకా ఇవ్వగలదు. సన్న వైరు మీద ఆరు గంటలు బండి నడిపి తెచ్చే దానికంటే అదే ఎక్కువ. రోజూ ఊరు మార్చేవాళ్లకు, చెట్ల కింద నిలిపేవాళ్లకు, శీతాకాలం తిరిగేవాళ్లకు మాత్రం లావు కేబుల్, చార్జర్ ఖర్చు గిట్టుబాటవుతుంది.