బీదరు దారిలో త్రివర్ణ పతాకం

విప్లవ చిహ్నం ధరించిన సైన్యం రాజరికాన్ని కాపాడిన సందర్భం. ఆ విప్లవం మిగిల్చిన చిక్కుముడికి అగస్త్ కోంత్ వెతికిన పరిష్కారం

1789లో పుట్టిన ఫ్రెంచి విప్లవం దక్కనుకు గ్రంథాలుగా కాక సైనిక దుస్తులుగా వచ్చింది. హైదరాబాదు పాలకుడు నిజాం అలీఖాన్ కొలువులో ఐరోపా కవాతు నేర్చిన దళాలకు గాస్కనీ వాసి మిషెల్ జోవాకిం మారీ రేమండ్ అధిపతి. స్థానికులు ఆయనను కొందరు మూసా రామ్ అనీ, కొందరు మూసా రహీం అనీ పిలిచేవారు. మూసారాంబాగ్ పేరులో ఆ పిలుపు నేటికీ నిలిచి ఉంది. ఆ దళాల జెండా విప్లవ ఫ్రాన్సు త్రివర్ణ పతాకం కాగా, కోటు బొత్తాల మీద స్వేచ్ఛా టోపీ చెక్కి ఉండేది. ప్రాచీన రోములో దాస్యవిముక్తికి గుర్తయిన మెత్తని టోపీనే విప్లవకారులు ఆ పేరుతో తమ చిహ్నంగా స్వీకరించారు.

తండ్రిపై తిరుగుబాటు

1795 మార్చిలో ఖర్దా వద్ద మరాఠాల ముందు నిజాం తలవంచవలసి వచ్చింది. ఆ జూన్‌లోనే ఆయన కుమారుడు ఆలీజా రాజధాని విడిచి, ఒకప్పుడు బహమనీ సుల్తానుల రాజధాని అయిన బీదరుకు చేరి తిరుగుబాటు లేవదీశాడు. అతడిని అణచడానికి వెళ్లింది రేమండ్ సైన్యమే. బీదరు నుంచి ఔరంగాబాదు వైపు సాగిన ఆలీజా చివరకు పట్టుబడి, హైదరాబాదుకు తెస్తుండగా దారిలోనే ప్రాణం తీసుకున్నాడు. 1793 జనవరిలో సొంత రాజు తల నరికిన దేశపు పతాకం, రెండేళ్లు తిరిగేసరికి దక్కనులో మరో రాజు గద్దెకు కాపు కాసింది.

ఆ పతాకంలో ఆంగ్లేయులకు కనిపించింది మాత్రం శత్రుదేశపు నీడ. 1798 మార్చిలో రేమండ్ మరణించగా, సెప్టెంబరులో నిజాంకూ ఆంగ్లేయులకూ మధ్య కుదిరిన సైన్య సహకార ఒప్పందం ప్రకారం అక్టోబరు 22న ఆ దళాలను నిరాయుధం చేశారు. అంతకుముందే జీతం బకాయిల కోసం సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులపైనే తిరగబడి ఉండటంతో ఆంగ్లేయుల పని సులువైంది. బొత్తం మీది స్వేచ్ఛ కన్నా అందని జీతమే వారిని కదిలించింది.

కూల్చిన తరువాత ఏమిటి?

అదే 1798 జనవరిలో ఫ్రాన్సులోని మోంపెల్యేలో తత్వవేత్త అగస్త్ కోంత్ జన్మించాడు. విప్లవం పాత వ్యవస్థను కూల్చగలిగింది గాని కొత్తదాన్ని నిలబెట్టలేకపోయిందన్నది ఆయన నిర్ధారణ. మానవుని ఆలోచన మూడు దశలు దాటుతుందని ఆయన ప్రతిపాదించాడు: జరిగే ప్రతిదానికీ దైవాన్ని కారణంగా చూపేది మొదటిది, ప్రకృతి, హక్కు వంటి అమూర్త భావాలను ఆశ్రయించేది రెండవది, పరిశీలనకు అందే వాస్తవాల మధ్య నియమాలను మాత్రమే అన్వేషించేది మూడవది. ఈ మూడవ దశకు చెందిన చింతనే పాజిటివిజం, అంటే ప్రత్యక్ష ప్రమాణవాదం. స్వేచ్ఛ, సమానత్వం అనే మాటలు రెండవ దశకు చెందినవనీ, అవి కూల్చడానికే తప్ప కట్టడానికి చాలవనీ ఆయన భావించి, క్రమం, ప్రగతి జంటగా నడవాలని బోధించాడు. 1889 నాటి బ్రెజిల్ జెండాపై ఆ రెండు మాటలూ చోటు చేసుకోగా, వంగదేశంలో బంకించంద్రుడు వంటి రచయితలు కోంత్‌ను శ్రద్ధగా చదివారు.

అయితే బీదరు ఉదంతం కోంత్ సిద్ధాంతానికే ఒక ప్రశ్న వేస్తుంది. రేమండ్ దళాల కవాతులో క్రమం ఉంది, ఫిరంగుల్లో ఆనాటి ప్రగతి ఉంది. అవి రెండూ కలిసి చేసినది మాత్రం గద్దెను కాపాడటమే. మరోవైపు, నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణంలో, ఏ ఐరోపా ప్రభావమూ లేని 12వ శతాబ్దంలోనే బసవేశ్వరుడు, శరణులని పేరొందిన ఆయన బాటలోని శివభక్తులు కులభేదాన్ని ధిక్కరించారు. ఆ శరణుల కథలను పాల్కురికి సోమనాథుడు ద్విపద ఛందస్సులో, జాను తెనుగులో, అంటే జనానికి అర్థమయ్యే తేట తెలుగులో చెప్పి తెలుగు నేలకు చేర్చాడు. ఆ సమానత్వ భావన ఇటు నడిచి రావడానికి దళాలూ అవసరం కాలేదు, పతాకమూ అవసరం కాలేదు. జనం నోట నిలిచే పాట చాలింది.