పెరటివైపు నీలిరంగు

అమెరికా వెళ్ళినప్పుడు జార్జియా రాష్ట్రంలోని సవానాలో ఓ పాత ఇల్లు చూశాను. పేరు ఓవెన్స్–థామస్ ఇల్లు. అక్కడి అంతర్యుద్ధానికి (1861–65) ముందు కాలపు భవంతి. ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం జే గీసిన నమూనాతో 1819లో పూర్తయింది. కట్టించిన రిచర్డ్‌సన్ బ్యాంకరే కాదు, బానిసల వ్యాపారి కూడా. ఆయన దగ్గర అది నిలవలేదు. 1830లో ఓవెన్స్ అనే లాయరు కొన్నాడు.

ఎంత దర్జా ఇల్లనుకున్నారు! మేడమీద ముందు గదులకీ వెనక గదులకీ మధ్య చిన్న వంతెన. వాననీళ్ళు తొట్లలో నింపి గొట్టాల్లో ఇల్లంతా పారించే ఏర్పాటు. ఆ రోజుల్లోనే! 1825లో ఫ్రెంచి వీరుడు లఫాయెత్ ఇక్కడే బస చేశాడట.

కానీ ఇల్లాలిని కదా, నా కళ్ళు వంటింటి కోసం వెతికాయి. అది నేలమాళిగలో ఉంది. వండి, వడ్డించి, గుడ్డలుతికి, పిల్లల్ని పెంచినవాళ్ళు జీతగాళ్ళు కారు, బానిసలు. వాళ్ళ గదులు పెరటి అవతల, గుర్రపుశాల పక్కన. ఇంట్లో ఎవరు కేక వేసినా, ఏ వేళయినా పరుగెత్తాల్సిందే.

ఆ గదుల పైకప్పుకి వెలిసిన నీలిరంగు ఇంకా ఉంది. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపి వేసిందట. దెయ్యాలు రాకుండా ఆ రంగు వేసుకునేవారని చెప్పారు. మా అమ్మమ్మ కూడా పండక్కి సున్నంలో నీలిమందు కలిపించేది, గోడలు తెల్లగా మెరవాలని. అదే నీలిమందు. ఇక్కడ మాత్రం, తమ శరీరం మీద కూడా తమకి హక్కులేని మనుషులు తలమీది కప్పుకి కట్టుకున్న రక్షరేకులా అనిపించింది. కాసేపు మాట రాలేదు.

ఓవెన్స్ మనవరాలు మార్గరెట్ థామస్ 1951లో పోతూ ఇంటిని మ్యూజియానికి రాసిచ్చింది. 1954లో జనానికి తలుపులు తెరిచారు. పెరటివైపు ఆ రంగు బయటపడింది 1990లలో మరమ్మతులు చేసినప్పుడు. 2018లో ఇంటి పేరుకి ‘బానిసల నివాసాలు’ అన్న మాట చేర్చారు. అంటే ఇల్లు కట్టిన దాదాపు రెండువందల ఏళ్ళకి!

మన ఊళ్ళలోనూ పెద్ద మేడలు, లోగిళ్ళు చూపించి ఎవరు కట్టించారో గొప్పగా చెబుతాం. ఆ ఇంట్లో పొయ్యి ఊదిందెవరో, నీళ్ళు మోసిందెవరో ఎప్పుడైనా అడిగామా? ఈసారి ఊరెళితే నేను అడగాలనుకుంటున్నాను. చెప్పగలిగే ముసలమ్మలు ఉండగానే.