వెనక మూత లేని హెడ్‌ఫోన్

మీరు ఏ పాట వింటున్నారో, దాన్ని ఎన్నోసారి వింటున్నారో పక్కనున్నవాళ్లకు ఇట్టే తెలిసిపోయే హెడ్‌ఫోన్ రకం ఒకటుంది. దాన్ని చెవులకు తగిలించుకున్నా కుక్కరు కూతలూ, వీధిలో కూరగాయల బండి కేకలూ ఏమీ తగ్గవు. బస్సులో అస్సలు పనికిరాదు. ఆఫీసులో పెట్టుకుంటే పక్క సీటువాళ్లతో తగువు ఖాయం. ఇన్ని అవలక్షణాలున్నా ఇంట్లో తీరిగ్గా కూర్చుని సంగీతం వినేవాళ్లు చాలామంది దీన్నే ఏరికోరి కొనుక్కుంటారు. ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ అంటే ఇదే. దీని గిన్నెలకు వెనక మూత ఉండదు. మూత ఉండాల్సినచోట ఒక జాలీ మాత్రం ఉంటుంది.

మూత తీసేస్తే ఏమొస్తుందో తెలియాలంటే లోపలికి చూడాలి. లోపల ఉండేది డ్రైవర్ అనే ఒక బుల్లి స్పీకరే. పల్చటి ప్లాస్టిక్ పొర, దానికి అతికించిన సన్నటి తీగచుట్ట, ఆ చుట్టకు ఆనీ ఆననట్టు ఒక అయస్కాంతం. పాట తాలూకు కరెంటు తీగచుట్టలో పారినప్పుడు అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది, తనతోపాటు పొరనూ ఊపుతుంది. ఆ పొర చెవివైపు గాలిని నెట్టిన ప్రతిసారీ వెనకవైపు గాలిని లాగుతుంది. అంటే ఒకే పాట రెండు పక్కలా పుడుతోందన్నమాట. చెవివైపు ఒకటి, దానికి సరిగ్గా తలకిందులుగా వెనక ఒకటి. ఈ రెండోదాన్ని ఏం చేయాలన్నదే హెడ్‌ఫోన్ తయారీలో అసలు చిక్కు.

మూత పెడితే ఆ వెనక శబ్దం ప్లాస్టిక్ గోడకు కొట్టుకుని, తిరిగి వచ్చి, పల్చటి పొరలోంచి చెవిని చేరుతుంది. చేరేసరికి రవ్వంత ఆలస్యమవుతుంది. కొన్ని స్వరాలు ఉబ్బుతాయి, కొన్ని అణుగుతాయి. బిందెలో తల పెట్టి మాట్లాడితే గొంతు ఎలా మారుతుందో దాదాపు అలాగే. దూది, స్పాంజి కూరి దీన్ని చాలావరకు అణచవచ్చు, మంచి కంపెనీలు అణుస్తాయి కూడా. ఓపెన్‌బ్యాక్ ఈ గొడవే పెట్టుకోదు. వెనక పుట్టింది వెనకకే పోనిస్తుంది. దాంతో గొంతులూ వాయిద్యాలూ తలలో ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త బయట, ఎడంగా ఉన్నట్టు తోస్తాయి. తంబురా నాదం గాయకుడి వెనక పరుచుకున్నట్టుంటుంది.

ఈ సుఖానికి కట్టే సుంకం మంద్రస్వరాల్లో. సెకనుకు 50 సార్లు ఊగే శబ్దతరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడవాటి తరంగానికి చెవి మెత్త పక్కన చిన్న సందు దొరికినా చాలు, ముందుదీ వెనకదీ కలిసిపోయి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే మృదంగంలో తొప్పి దెబ్బ గుండెల్లో దిగాలనుకునేవారికి ఈ హెడ్‌ఫోన్ కాస్త చప్పగానే ఉంటుంది. కళ్లజోడు పెట్టుకునేవారికైతే కాడ దగ్గర మెత్త ఎత్తిపట్టినట్టయి ఇంకొంచెం చప్పబడుతుంది. ఒకసారి కళ్లజోడు తీసి విని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

హెడ్‌ఫోన్ పుట్టిన చాలా ఏళ్లదాకా మూత తీయాలన్న ఆలోచన రాలేదు. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసి నౌకాదళానికి పంపిన జత రేడియో సంకేతాలు వినడానికి. అక్కడ బయటి చప్పుడు చెవిన పడకపోవడమే కావాలి. 1937లో బెర్లిన్‌లో ఆయిగెన్ బేయర్ కంపెనీ తెచ్చిన డీటీ 48తో తీగచుట్ట కదిలే పద్ధతి హెడ్‌ఫోన్‌లోకి వచ్చింది. అదీ మూతదే. అది ఎంత గట్టిదంటే 2012 దాకా తయారవుతూనే ఉంది. 1958లో మిల్వాకీకి చెందిన జాన్ కాస్ ఒంటరిగా కూర్చుని రికార్డులు వినేందుకు ఒక ప్లేయర్ తయారుచేసి, దానికి తోడుగా రెండు గిన్నెల్లో చిన్న స్పీకర్లు బిగించి ఇచ్చాడు. జనం ప్లేయర్‌ను పట్టించుకోలేదు, ఆ గిన్నెల వెంటపడ్డారు. స్టీరియో సంగీతం కోసం హెడ్‌ఫోన్ అన్న వ్యాపారం అలా మొదలైంది. ఆ గిన్నెలూ బరువే, చెవులు ఉడికిపోయేవే.

జర్మనీలో హనోవర్ దగ్గర వెన్నెబోస్టెల్ అనే ఊళ్లో 1945లో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. మొదట్లో చేసింది వోల్ట్‌మీటర్లు, తర్వాత మైక్రోఫోన్లు. ఆ సంస్థే 1968లో హెచ్‌డీ 414ను తెచ్చింది. ప్రపంచంలో మొదటి ఓపెన్ హెడ్‌ఫోన్‌గా చెప్పేది దాన్నే. ముందు వచ్చినవాటి పక్కన పెట్టి చూస్తే అది బొమ్మలా ఉంటుంది. సన్నటి ప్లాస్టిక్ పట్టీ, గీతలు గీతలుగా చీలికలున్న చిన్న డబ్బాలు, వాటికి తొడిగిన స్పాంజి మెత్తలు. ఆ పసుపుపచ్చ స్పాంజితోనే దానికి పేరొచ్చింది. 2,000 ఓమ్‌ల నిరోధం ఉండటంతో రేడియోకో టేప్‌రికార్డర్‌కో తగిలిస్తే వాటిమీద భారం పడేది కాదు. అన్ని రూపాల్లోనూ కలిపి కోటికి పైగా అమ్ముడుపోయింది. దాని స్పాంజి ఊడదీసి ఉతుక్కోవచ్చు, వైరు పోతే ఒక్క వైరే మార్చుకోవచ్చు. శబ్దంలో తెచ్చిన మార్పు గురించి అందరూ రాస్తారు కానీ, నన్నడిగితే ఎక్కువ మెచ్చుకోవాల్సింది ఈ విప్పదీసే వీలునే. వెనక మూత లేని వస్తువులోకి దుమ్ము ఎలాగూ చేరుతుంది. దాన్ని విప్పడం కుదరకపోతే నాలుగేళ్లకు చెత్తబుట్టే గతి.

1979లో సోనీ వాక్‌మన్‌తో వచ్చిన నారింజ రంగు స్పాంజి హెడ్‌ఫోన్ కూడా ఈ వంశానిదే. దాంతో మూత లేని హెడ్‌ఫోన్ వీధుల్లోకి వచ్చేసింది. వీధిలో అది నిలవలేదు, నిలవకపోవడమే సబబు. అంతకు ఏడాది ముందే, 1978లో, జ్యూరిక్ నుంచి వస్తున్న విమానంలో ధ్వని ఇంజినీరు అమర్ బోస్‌కు ఇంజిన్ హోరు వల్ల హెడ్‌ఫోన్‌లో పాట సరిగా వినబడలేదట. హోరుకు ఎదురు హోరు పుట్టించి రద్దు చేసే లెక్కలు ఆ ప్రయాణంలోనే మొదలుపెట్టాడు. ఇవాళ మెట్రోలో అందరి చెవుల మీదా ఉన్నవి ఆ దారిలో వచ్చినవి. ఓపెన్‌బ్యాక్ ఇంటికి తిరిగొచ్చేసింది.

ఇంటికొచ్చిన రకానికి మంచి ఉదాహరణ 1997లో సెన్‌హైజరే తెచ్చిన హెచ్‌డీ 600. దీని డ్రైవర్లు ఐర్లండ్‌లోని టలమోర్ ఫ్యాక్టరీలో తయారవుతూ వచ్చాయి. వచ్చి పాతికేళ్లు దాటినా ఇంకా అమ్మకంలో ఉంది. ఫోన్లు రెండేళ్లకే పాతబడిపోయే లోకంలో ఇది అరుదైన సంగతి. దీన్ని బతికిస్తున్నది ధ్వని ఒక్కటే కాదు. మెత్త, జాలీ, వైరు, తల మీది దిండు, చివరికి డ్రైవర్ కూడా విడిగా మార్చుకోగలగడం.

విప్పడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. మెత్త అంచు కింద వేళ్లు పెట్టి లాగితే టకటకమని ప్లాస్టిక్ క్లిప్పులు వదులుతాయి. మొదటిసారి ఆ చప్పుడుకు విరిగిందనే అనుకుంటాం. మెత్త వచ్చాక కింద పల్చటి నల్ల స్పాంజి బిళ్ల ఒకటి కనబడుతుంది. దుమ్మును ఆపే కాపలాదారు అది. దాని వెనక డ్రైవర్. అవతలివైపు జాలీ కూడా చేత్తోనే ఊడి వస్తుంది. వైరు చివర రెండు పిన్నుల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. తిప్పి గుచ్చబోతే దూరదు, కాబట్టి తప్పు పోదు.

ఈ హెడ్‌ఫోన్లకు వచ్చే రోగాల్లో చాలామందిని హడలెత్తించేది జిరజిర. ఒకవైపు మంద్రస్వరం వచ్చినప్పుడల్లా కాగితం వణికినట్టు చప్పుడు. డ్రైవర్ పోయిందనుకుని చాలామంది కొత్తది కొనేస్తారు. తొందరపడకండి. చాలాసార్లు దోషి మీ తల వెంట్రుకే. స్పాంజి బిళ్ల అంచు దాటి, జాలీ కన్నంలోంచి దూరి, కొస పొరకు తగులుతూ ఉంటుంది. పొర ఊగినప్పుడల్లా కొస దాన్ని గీరుతుంది. బిళ్ల తీసి, టార్చి వెలుగు ఏటవాలుగా వేసి చూస్తే మెరుస్తూ కనబడుతుంది. తీసేటప్పుడు మాత్రం ఇనుప పట్టుకారు వాడకూడదు. వెనకే అయస్కాంతముంది. అర అంగుళం దూరంలో ఉండగానే పట్టుకారును చేతిలోంచి లాక్కుని పొరలో దిగేసుకుంటుంది. ప్లాస్టిక్ పట్టుకారుతో గానీ, సెలోటేపు ముక్క అంటించి గానీ తీయాలి. నోటితో గట్టిగా ఊదడం, వాక్యూమ్ క్లీనర్ పెట్టడం రెండూ వద్దు. అంత పల్చటి పొర ఒక్క దెబ్బకు ముడత పడుతుంది, మళ్లీ సాఫు కాదు. గ్రిల్లులు కోసే వెల్డింగ్ షాపు పక్కన ఇల్లయితే ఇంకో జాగ్రత్త ఉంది. గాల్లో తేలే ఇనుప రజను అయస్కాంతం పట్టుకుందంటే వెంట్రుకలా తేలిగ్గా రాదు.

మన వాతావరణంలో అన్నిటికన్నా ముందు పోయేది స్పాంజి. పాలియురెథేన్ స్పాంజిని, ముఖ్యంగా ఈస్టర్ రకాన్ని, గాలిలోని తేమ మెల్లగా విడగొడుతుంది. నీటి అణువులు దాని పొడవాటి గొలుసుల్ని అక్కడక్కడ తెంపుతాయి. ఎండ వేడి ఆ పనిని తొందరపెడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో తేమా వేడీ రెండూ పుష్కలం. కొన్నాళ్లకు స్పాంజి బిళ్ల ముట్టుకుంటే బంకలా అంటుకుంటుంది, తర్వాత నల్ల పొడిగా రాలి నేరుగా డ్రైవర్ మీద పడుతుంది. వాడకుండా పెట్టెలో దాచినా ఇదే గతి. అందుకే ధర తగ్గిందని విడి మెత్తలు నాలుగు జతలు కొని బీరువాలో పెట్టడం దండగ. ఒక జత చాలు. తోలులా కనబడే కృత్రిమ మెత్తలు పెచ్చులూడి చెవుల వెనక నల్లటి పొట్టు అంటించేదీ ఈ రసాయనమే. ముఖమల్ గుడ్డ మెత్తలకు ఆ బెడద లేదు కానీ వాటి లోపలి స్పాంజి అణిగిపోతుంది. అణిగితే చెవి డ్రైవర్‌కు దగ్గరవుతుంది, ధ్వని స్వభావమే మారిపోతుంది. ఈ మార్పు నెలల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి మనకు తెలియదు. కొత్త మెత్తలు వేసిన రోజున తెలుస్తుంది.

కొబ్బరినూనె సంగతి విదేశీ మాన్యువళ్లలో రాయరు. తలకు నూనె పెట్టుకున్న రోజు ముఖమల్ మెత్త దాన్ని పీల్చుకుని, పీల్చుకున్నచోట దుమ్ము పట్టి జిడ్డు చారలు కట్టేస్తుంది. మెత్తల్ని ఊడదీసి గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ వేసి పిండకుండా నొక్కి కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి తొడగాలి. చెమ్మ మిగిలుండగా తొడిగితే బూజు పడుతుంది. చెవుల పక్కన పౌడరు అద్దుకునే అలవాటుంటే హెడ్‌ఫోన్ తీసేశాక అద్దుకోండి.

వైరు తెగేది ఎక్కువగా రెండుచోట్ల. ప్లగ్గు మొదట్లో, లేదా కుర్చీ చక్రం ఎక్కి దిగినచోట. ఒకవైపు పాట వచ్చీ రానట్టుంటే వైరును అంగుళం అంగుళం కదిపి చూడండి. పిన్నులు నల్లబడ్డా అదే లక్షణం. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోవచ్చు. తెగిందని తేలితే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త ప్లగ్గు కొని సోల్డరింగ్ చేయించుకోవచ్చు. చేసేవాడికి ఒక మాట ముందే చెప్పాలి. ఈ వైర్లలో రాగి పోగుల మీద కంటికి కనిపించని లక్క పూత ఉండొచ్చు, అది కాలేదాకా వేడి తగలకపోతే సీసం పైపైనే అతుక్కుని నెలకే ఊడిపోతుంది.

హెచ్‌డీ 600 నిరోధం 300 ఓమ్‌లు. ఆ అంకె చూసి పెద్ద యాంప్లిఫైయర్ లేకపోతే మోగదేమోనని భయపెడతారు. 1 వోల్టు ఇస్తే దాదాపు 97 డెసిబెళ్లు పలుకుతుంది, అంటే ఖర్చయ్యేది 3 మిల్లీవాట్ల పైచిలుకు. మామూలు వినికిడికి అది ఎక్కువే. మంద్రంగా సాగే ఆలాపనలు ఎక్కువగా వినేవారికి కాస్త బలమైన యాంప్లిఫైయర్ ఉంటే మంచిదే కానీ, హెడ్‌ఫోన్ ధరకు మించి దానికి పోయడం నాకు నచ్చని పని. నిజంగా అడ్డుపడేది నెత్తిమీద ఫ్యాను. దాని హోరును దాటించడానికి వాల్యూమ్ పెంచుతాం, పెంచామని మరిచిపోతాం. వారానికి 40 గంటలు వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 80 డెసిబెళ్లు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గంటలు సగానికి పడిపోతాయి. ఫ్యాను ఒకటో నంబరుకు తగ్గించడం ఖర్చులేని ఉపాయం.

సెన్‌హైజర్ సంస్థ తన ఇంటి వాడకపు హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని స్విట్జర్లండ్‌కు చెందిన వినికిడి యంత్రాల కంపెనీ సొనోవాకు అమ్ముతున్నట్టు 2021లో ప్రకటించింది. చేతులు మారినా విడిభాగాల అమ్మకం ఆగలేదు. అందువల్ల సెకండ్‌హ్యాండ్ జత కొనడానికి జంకనక్కర్లేదు, పరీక్షించి కొంటే చాలు. దానికి మన పాత సినిమా పాటలకు మించినవి లేవు. ‘మాయాబజార్’ కాలం నాటి పాటలు మోనోలో రికార్డయినవి. ఎడమకూ కుడికీ వెళ్లేది ఒకే ధ్వని. కొత్త వాయిద్యాలతో స్టీరియోగా మార్చినవి కాకుండా అసలు పాట పెట్టండి. ఘంటసాల గొంతు ముక్కుకు సూటిగా నడిమధ్యన నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే హెడ్‌ఫోన్‌ను ఎడమది కుడికి మార్చి పెట్టుకోండి. గొంతు కూడా అటునుంచి ఇటు మారితే లోపం యంత్రంలో ఉంది, ధర తగ్గించమని అడగవచ్చు. మారకుండా ముందటి పక్కకే ఒరిగి ఉంటే చూపించుకోవాల్సింది చెవి డాక్టరుకు.