సబ్బుకు లొంగని నీరు

అబిడ్స్, నాంపల్లి ఇండ్లలో నల్లా నీటితో చక్కగా నురుగు కట్టే సబ్బు, బోరునీటిలో తరచు తెల్లని తెట్టుగా మిగిలిపోతుంది. ఇందుకు కారణం నీటిలో కరిగియున్న లవణాల అయానులే.

నీటి అణువుల పరస్పరాకర్షణవల్ల నీటి పైభాగం బిగదీసిన పొరవలె ఉంటుంది. దీనినే తలతన్యత అంటారు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద శుద్ధజలానికి ఇది సెంటీమీటరుకు సుమారు 73 డైనులు. లీటరుకు 58 గ్రాముల ఉప్పు కలిపినా పెరిగేది రెండు డైనులలోపే. సబ్బు దీనిని 30 డైనుల దాపునకు దింపుతుంది. అందుచేతనే నీరు బట్ట పోగులలోనికి చొరగలుగుతుంది.

సబ్బు అణువు తోక నూనెను, ఋణావేశంగల తల నీటిని కోరుతాయి. తలలు ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. వాటి నడుమ సోడియం అయానులు చేరితే వికర్షణ తగ్గి, అణువులు దగ్గరగా సర్దుకుంటాయి. కనుక కొద్దిపాటి ఉప్పు సాయమే చేస్తుంది.

హైదరాబాదు గ్రానైటు రాళ్లలోని నీటిలో కాల్షియం, మెగ్నీషియం అయానులుంటాయి. రెండేసి ధనావేశాలుగల ఈ అయాను ఒక్కొక్కటి రెండు సబ్బు అణువులను పట్టి, కరగని పదార్థంగా మార్చివేస్తుంది. తెట్టు అదే. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న నీరు 15 లీటర్ల బకెట్టుకు సుమారు 27 గ్రాముల శుద్ధమైన సబ్బును మింగగలదు.

ముందుగా బట్టలసోడా కలిపితే కాల్షియం చాలవరకు కార్బనేటుగా అడుగున చేరుతుంది. పిమ్మట సబ్బు తన పని తాను చేయగలదు.