బోరు మోటార్ స్టార్ట్ అయ్యే ఆ క్షణం

న్యాల్‌కల్ చెరకు పొలంలో బోరు మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అది వెంటనే తగ్గకపోతే వైండింగ్ కాలిపోతుంది, తడి ఆగిపోతుంది. ఆ క్షణాన్ని డేటా అక్విజిషన్ కార్డుతో పట్టుకోవచ్చు.

కార్డు సాధారణంగా 10 వోల్టుల వరకే కొలుస్తుంది. మోటార్ తీగ నేరుగా ఇవ్వొద్దు. కరెంటు తీసేశాక ఒక ఫేజు తీగకి కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తొడిగి, దాని సెకండరీకి రెసిస్టర్ కట్టండి. రెసిస్టర్ రెండు కొసలనీ డిఫరెన్షియల్‌గా కలిపితే, రెండు తీగల్లో సమానంగా వచ్చే నాయిస్ తీసివేతలో పోతుంది. మైనస్ కొసని ఇంకో పెద్ద రెసిస్టర్‌తో గ్రౌండ్‌కి కలపండి, లేకపోతే రీడింగ్ ఎటో తేలిపోతుంది.

ఇక ట్రిగ్గర్. లెవెల్‌ని నాయిస్ కన్నా పైన పెట్టండి. ప్రీ-ట్రిగ్గర్ శాంపిళ్లు కూడా అడగండి. కార్డు పాత రీడింగులని బఫర్‌లో ఉంచుకుంటుంది కాబట్టి, స్విచ్ వేయకముందు సంగతీ దొరుకుతుంది. రోజంతా రికార్డు చేయక్కర్లేదు, కొన్ని సెకన్లు చాలు.