చదువు, ఆట – రెండూ మోసే ఒంటికి ఏం కావాలి?

“డిగ్రీలో చేరావు, ఇక ఆ పరుగులు చాలు” అని మన కొండ గ్రామాలలో తల్లిదండ్రులు అంటూ ఉంటారు. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏ గట్టుకూ చేరలేడని వారి భయం. భయం సహజమే. అయితే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి ఒకసారి చూడండి.

1999లో పుట్టిన జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళలో పనిచేస్తూ, ఆస్పత్రిలో శుభ్రం చేసే పనికి కూడా వెళ్ళేవారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవు చూసి హర్డిల్స్ నేర్చుకోమన్నారు. అంటే అడ్డంగా పెట్టిన కర్రలను దూకుతూ పరుగెత్తే పందెం. 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరపున 100 మీటర్ల పందెం 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా డోపింగ్ పరీక్ష జరగలేదని దానిని రికార్డుగా లెక్కించలేదు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ రికార్డును దాటితే, వెనుక గాలి ఎక్కువగా వీచిందని అదీ చెల్లలేదు. మే నెలలో సైప్రస్‌లో 13.23తో ఆ రికార్డు ఆమెది అయింది. 2023లో చైనాలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకన్లతో కాంస్య పతకం, 2024లో పారిస్ ఒలింపిక్స్ వచ్చాయి.

ఒక్క ఏడాదిలో ఫలితం రాలేదని పిల్లలను మాన్పించే పెద్దలు ఈ తేదీలను గమనించాలి. స్క్వాష్ ఆటగాడు సౌరవ్ ఘోషాల్ కూడా ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే ఆడారు. ప్రపంచంలో 10వ స్థానానికి చేరింది మాత్రం 2019లో, 32 ఏళ్ళ వయసులో.

తెల్లవారుజామున సాధన, పగలు తరగతులు, సాయంత్రం మళ్ళీ సాధన, రాత్రి పుస్తకాలు. ఈ లెక్కలో కోత పడేది నిద్రకే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ విద్యార్థులు 11 మందిని కొన్ని వారాలపాటు రాత్రికి 10 గంటలు పడకమీద ఉండమన్నారు. వారి పరుగు వేగం పెరిగింది, బంతి గురి కూడా కుదిరింది. ఈ పరిశోధన 2011లో వెలువడింది. హాస్టల్ గదిలో 10 గంటలు ఎవరికి దొరుకుతాయి! కనీసం 8 గంటలైనా పోనివ్వకండి. పరీక్షల వారంలో తగ్గించవలసింది సాధనను, నిద్రను కాదు.

తిండికి ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు. చోడి అంబలి, సామలు, ఉలవలు, రాజ్మా, ఆకుకూరలు, రోజూ ఒక గుడ్డు చాలా మేలు చేస్తాయి. భోజనంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాము. సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే “ఆటల వల్లలే” అని ఊరుకోవద్దు. తినే తిండి చేసే శ్రమకు చాలడం లేదని దాని అర్థం కావచ్చు. వెంటనే వైద్యులకు చూపించండి.

మన ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైనది సికిల్ సెల్ పరీక్ష. తల్లి నుండో తండ్రి నుండో ఒక్కరి నుండే ఈ లక్షణం వచ్చినవారికి మామూలుగా ఏ జబ్బూ కనిపించదు. వారు ఆటలు మానవలసిన పని లేదు. కాని ఎండలో, నీళ్ళు తాగకుండా, ఆగకుండా పరుగులు తీయిస్తే కండరాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చల్లదనంలో పెరిగినవారు విశాఖ ఉక్కపోతలోకి దిగినప్పుడు మరీ జాగ్రత్త అవసరం. 2006లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఈ లక్షణం ఉన్న 19 ఏళ్ళ ఫుట్‌బాల్ విద్యార్థి సాధన తరువాత కుప్పకూలి మరునాడు మరణించాడు. ఆ తరువాత, 2010 నుండి, అక్కడి పెద్ద కళాశాలల క్రీడాకారులకు ఈ పరీక్ష నియమంగా వచ్చింది.

కండరం పట్టేస్తే అది గట్టిగా ముడిపడి తెలుస్తుంది. సికిల్ సెల్ వల్లనైతే కండరం మెత్తగానే ఉంటుంది, కాళ్ళు మాత్రం బలం లేక ఒరిగిపోతాయి, ఆయాసం వస్తుంది. అటువంటప్పుడు “ఇంకొక్క రౌండు” అనకూడదు. నీడకు చేర్చి, స్పృహలో ఉంటే నీళ్ళు తాగించి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. తల్లిదండ్రులిద్దరి నుండి వచ్చి జబ్బే ఉన్నవారు వైద్యుని అడగకుండా పోటీ సాధన మొదలుపెట్టరాదు, ఇనుము మాత్రలు కూడా సొంతంగా వాడరాదు.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద 40 ఏళ్ళలోపు వారికి ఈ పరీక్ష చేసి, ఫలితం రాసిన కార్డు ఇస్తున్నారు. పిల్లలు కళాశాలకు బయలుదేరే ముందు ఆ కార్డు నకలు ఒకటి పెట్టెలో పెట్టండి, మరొకటి శిక్షకుని చేతికి ఇవ్వమనండి.