స్వనిర్మిత విమానానికి జారుడు కానోపీ: బిగింపులో ఉష్ణవ్యాకోచం

ఇంట నిర్మించుకొనే విమానాలలో పేరుపొందిన వ్యాన్స్ ఆర్‌వి-7కు జారుడు కానోపీని ఎంచుకోవచ్చు. పైలట్ తలపైని ఈ పారదర్శక అక్రిలిక్ కప్పును ఉక్కు గొట్టాల చట్రానికి బిగిస్తారు. చట్రం పట్టాలపై వెనుకకు జరుగుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ పెరిగితే మీటరు పొడవున్న అక్రిలిక్ సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఉక్కు అర మిల్లీమీటరైనా సాగదు.

మర్రిపాడు వంటి మెట్ట పల్లెలలో ఎడ్లబండి చక్రానికి ఇనుప కట్టును కాల్చి తొడిగి, నీళ్లతో చల్లార్చేవారు. అక్కడ లోహ సంకోచమే బిగువునిచ్చేది. కానోపీకి అదే ధర్మం హానికరం. రంధ్రం స్క్రూకు సరిగ్గా సరిపోతే, అక్రిలిక్ కదలడానికి తావులేక అంచున పగులు పుడుతుంది. గాలిలో అది విస్తరిస్తే ప్రాణాపాయం. కనుక రంధ్రాన్ని స్క్రూ కన్నా పెద్దదిగా తొలిచి, అంచు నునుపుచేసి, మితంగా బిగించాలి. చలిలో అక్రిలిక్ పెళుసుబారుతుంది కాబట్టి కోత, తొలుపు వెచ్చని వేళలోనే చేయాలి.